సైకిలు, రహదారి, సంఘబలము

మన ఆఫీసుల చరిత్రలో సైకిలునకు ఒక అధ్యాయము కలదు. కేంద్ర ప్రభుత్వోద్యోగికి సైకిలు కొనుటకై అడ్వాన్సు ఇచ్చు పద్ధతి చిరకాలము సాగినది. ఉద్యోగి ఆ సొమ్ముతో సైకిలు కొని, నెలనెల జీతములో కోత పడుచుండగా బాకీ తీర్చుకొనెడివాడు. ఏడవ వేతన సంఘము వడ్డీ లేని అడ్వాన్సులను ఎత్తివేయవలెనని సిఫారసు చేయుటతో 2016లో ఆ సైకిలు అడ్వాన్సు ముగిసినది. సైకిలు నిర్వహణ భత్యమును గూడ రద్దు చేయవలసినదని ఆ సంఘము చెప్పినది. కాని ప్రభుత్వము 2017లో ఆ సలహాను పూర్తిగా పాటింపక, తపాలా శాఖలోను రైల్వేలలోను ఆ భత్యమును నిలిపి, నెలకు 90 రూపాయలుగా నున్నదానిని 180 రూపాయలు చేసినది. ఇంటింటికి ఉత్తరములు పంచు పోస్టుమానునకు, రైలు పట్టాలను కాచు ట్రాక్‌మానునకు సైకిలుతో పని తీరిపోలేదనుటకు ఇంతకంటె అధికారికమైన సాక్ష్యము అక్కరలేదు.

సైకిలునకు అడ్వాన్సు దొరకినది, భత్యము దొరకినది. అది నిర్భయముగా నడువదగిన దారి మాత్రము ఏ ఉత్తర్వుతోను దానంతట అది దొరకలేదు. సైకిలుయొక్క రెండు శతాబ్దముల చరిత్రను తిరుగవేసి చూచినచో ఒక సత్యము స్పష్టముగా గోచరించును. సైకిలువాడు ఎంతటి జాగరూకుడైనను, ఒంటరిగా నున్నంతకాలము రహదారి అతనికి రక్షణ నీయలేదు. ఇరుగుపొరుగువారు కలిసి తొక్కి, కలిసి అడిగిన చోటనే దారి దొరకినది. సైకిళ్లు లక్షలుగా నున్నను అడుగువారు లేని చోట ఉన్న దారియు పోయినది. ఇందుకు సాక్ష్యముగా నిలుచు కొన్ని దేశముల, కొన్ని పట్టణముల వృత్తాంతములను పాఠకుల ముందుంచుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

సైకిలు పుట్టుక జర్మనీ దేశమున జరిగినది. 1817 జూన్‌లో కార్ల్ డ్రైస్ అను ఉన్నత వంశీయుడు మన్‌హైమ్ పట్టణమున రెండు చక్రముల కొయ్యబండిపై కూర్చుండి, కాళ్లతో నేలను తన్నుచు ముందునకు సాగెను. ఆ బండికి పెడళ్లు లేవు, చైను లేదు. 1860 తరువాత పారిస్ నగరమున ముందుచక్రమునకు పెడళ్లు అమర్చిరి. పెడలు ఒక్కసారి తిరిగినచో చక్రమును ఒక్కసారియే తిరుగును గనుక, వేగము కావలెనన్నచో చక్రము పెద్దది కావలసివచ్చెను. ఆ విధముగా ముందుచక్రము మనిషి ఛాతీ యెత్తునకు పెరిగినది. దారిలో చిన్న రాయి తగిలినను, తొక్కువాడు తలక్రిందుగా పడెడివాడు. 1885లో ఇంగ్లండులోని కవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రములను ఇంచుమించు సమానము చేసి, వెనుకచక్రమును చైనుతో త్రిప్పు 'రోవర్' సైకిలును తయారుచేసెను. పడిపోవు భయము తగ్గినది గనుక ఇట్టి సైకిలును నాటివారు 'సేఫ్టీ' అని పిలిచిరి. 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడగు జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరును వాడుకలోనికి తెచ్చెను. నేడు మనము తొక్కు సైకిలు ఈ రెంటి సంతానమే. తొలినాళ్ల ప్రమాదము యంత్రములోనే యుండెను. దానిని యంత్రకారులు తొలగించిరి. తరువాతి ప్రమాదము దారిలోను, దారిపై పరుగెత్తు ఇతర వాహనములలోను ఉన్నది. దానిని తొలగించుట ఏ యంత్రకారునికిని సాధ్యము కాలేదు.

ఆ పనికి పూనుకొన్నవి సంఘములు. 1878 ఆగస్టులో ఉత్తర ఇంగ్లండులోని హారొగేట్ పట్టణమున సైకిలు యాత్రికుల సంఘమొకటి వెలసినది. 1883లో అది 'సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్' అను పేరు ధరించినది. నేడు 'సైక్లింగ్ యు.కె.' అను పేరుతో పనిచేయుచున్నది. సభ్యులు సెలవు దినములలో గుంపులుగా పల్లెటూళ్లకు పోయెడివారు. అట్లు పోవుచు ఏ కొండవాలు నిటారుగా నున్నదో, ఏ మలుపున బండి అదుపు తప్పునో కనిపెట్టిరి. అట్టి వాలుల తలకట్టున ఈ సంఘములవారే హెచ్చరిక పలకలు నాటించిరి. నేడు రహదారుల ప్రక్కన మనము చూచు ప్రమాద సూచికలకు ఆ పలకలు పూర్వీకులు. విహారమునకై బయలుదేరిన బృందము రహదారి భద్రతకు కాపరియైన విధము గమనింపదగినది. ఒక్కడు పోయినచో ఆ వాలున పడి, లేచి, ఇంటికి పోవును. పదిమంది కలిసి పోయినందుననే పలక నాటవలెనన్న ఆలోచన పుట్టినది.

ఆ కాలమున సైకిలునకు రహదారిపై హక్కు కలదా లేదా అనునది తేలని ప్రశ్నగా నుండెను. ఒక్కొక్క జిల్లాలో ఒక్కొక్క నిబంధన అమలులో నుండెను. సంఘములు పట్టుబట్టిన మీదట 1888 నాటి స్థానిక ప్రభుత్వ చట్టము సైకిలు కూడ ఒక బండియే యని నిర్ణయించి, ఆ విడివిడి నిబంధనలను తొలగించినది. హక్కుతోపాటు రెండు విధులను గూడ విధించినది: చీకటి పడిన తరువాత దీపము వెలిగింపవలెను, ముందుపోవువారిని దాటునపుడు గంట మ్రోగింపవలెను. దీపము లేని సైకిలును పోలీసు జవాను ఆపుట, మునిసిపాలిటీ బిళ్ళ లేనివానికి జరిమానా వేయుట, ఇద్దరెక్కినచో దింపివేయుట మన పెద్దలందరకు అనుభవములోనివే. విధులు మన ఊళ్లకు అన్నియు వచ్చినవి. ఆ విధులతోపాటు అక్కడి సంఘములు సంపాదించిన హక్కును గురించిన ఆలోచన మాత్రము మన ఊళ్లకు అంతగా రాలేదు.

మంచి రోడ్లు కావలెనని తొలుత కేక వేసినవారును సైకిలువారే. ఇంగ్లండులో సైకిలు సంఘములు 1886లో రోడ్ల అభివృద్ధి సంఘమును స్థాపించినవి. అమెరికాలో 1880లో రోడ్ ఐలండ్ రాష్ట్రమందలి న్యూపోర్టు పట్టణమున సైకిలువారి లీగు ఏర్పడి, మంచి రోడ్ల ఉద్యమమును నడిపినది. ఆ ఒత్తిడి ఫలితముగనే 1893లో అమెరికా కేంద్ర ప్రభుత్వము రోడ్ల విచారణ కార్యాలయమును తెరచినది. ఆ దేశపు కేంద్ర రహదారి శాఖకు అదియే అంకురము. సైకిలువారు అడిగి వేయించుకొన్న నునుపు రోడ్లపై కొలది సంవత్సరములకే మోటారు కారు పరుగెత్తెను. దారి వేయించినవాడే క్రమముగా దారి యంచునకు నెట్టబడెను.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న పుట్టినది. సైకిలునకు వేరు బాట కావలెనా, లేక మొత్తము రహదారిపై హక్కు కావలెనా? 1934 డిసెంబరులో లండను పడమటి ప్రాంతమున వెస్టర్న్ ఎవెన్యూ వెంట సైకిళ్లకు ప్రత్యేకమైన బాట తెరచినపుడు, ఇంగ్లీషు సైకిలు సంఘము దానిని వ్యతిరేకించినది. ఇరుకైన బాట నొకదానిని ఇచ్చి, ఆ నెపముతో పెద్ద రోడ్డునుండి తమను వెళ్లగొట్టుదురని వారి భయము. ఆ భయము అకారణమని చెప్పజాలము. కాని వేరు బాట లేనిచోట సామాన్య జనము, ముఖ్యముగా స్త్రీలు, పిల్లలు, వృద్ధులు సైకిలెక్కుటకే జంకిరి. ఈ చిక్కును విడదీసి చూపిన దేశము హాలెండు.

హాలెండు పేరు చెప్పగానే సైకిలు స్ఫురించును. ఆ దేశమున నేల చదునుగా నుండుటచేతను, ప్రజల స్వభావముచేతను సైకిలు సహజముగా వర్ధిల్లినదని చాలమంది తలంతురు. చరిత్ర అట్లు చెప్పుట లేదు. ఆ దేశమున 1883లోనే సైకిలువారి సంఘము పుట్టినది. 1924 మొదలు 1941 వరకు ప్రతి సైకిలునకు పన్ను కట్టించుకొని, రసీదుగా లోహపు బిళ్ళ నిచ్చిరి. మన మునిసిపాలిటీల బిళ్ళవంటిదే అది. రెండవ ప్రపంచ యుద్ధానంతరము దేశము సంపన్నమైనది, కార్లు పెరిగినవి. కారు కొనలేని దశలో సైకిలు తొక్కుచున్నవారే కార్లు కొనిరి. 1883లో సైకిలువారికై పుట్టిన ఆ సంఘమే కాలక్రమమున కార్లవారి సంఘముగా మారినది. నగరములలో ఇండ్లు కూలద్రోసి రోడ్లు వెడల్పు చేసిరి. చౌకులు కార్లు నిలుపు స్థలములైనవి. చదునైన నేల అట్లే యున్నది, సైకిలు మాత్రము తగ్గిపోవుచు వచ్చినది.

దీని ఫలితము భయంకరముగా నుండెను. 1971లో ఆ చిన్న దేశమున రహదారి ప్రమాదములలో సుమారు 3,300 మంది మరణించిరి. వారిలో 400 మందికి పైగా పిల్లలు. బడికి సైకిలుపై పోవుచు మరణించిన ఒక ఆరేండ్ల బాలిక, విక్ లాంగెన్‌హోఫ్ అను పత్రికారచయిత కుమార్తె. ఆ తండ్రి 1972 సెప్టెంబరులో 'డె టైట్' పత్రికలో ఒక వ్యాసము వ్రాసెను. దాని శీర్షికకు 'శిశుహత్య నాపుడు' అని అర్థము. తన బిడ్డను పోగొట్టుకొన్న దుఃఖమును చెప్పి ఊరకొనక, తల్లిదండ్రులందరు కలిసి ప్రభుత్వముపై ఒత్తిడి తేవలెనని అతడు కోరెను. ఆ శీర్షికయే ఒక ఉద్యమమునకు పేరైనది. దాని మొదటి అధ్యక్షురాలు మార్టియె వాన్ పుట్టెన్ అను యువతి. తరువాతి కాలమున ఆమె ఐరోపా పార్లమెంటు సభ్యురాలు కూడ అయ్యెను.

ఆ తల్లిదండ్రులు చేసిన పనులు సామాన్యమైనవి. పిల్లలతో సైకిళ్లపై ఊరేగింపులు జరిపిరి. ప్రమాదములు జరిగిన కూడళ్లలో నిలిచి దారి యాపిరి. ఒకదినము వీధిని మూసివేసి పిల్లల నాడనిచ్చిరి. వాహనములు లేని వీధి యెట్లుండునో ఆ వీధివారికి కన్నులార చూపిరి. ప్రధానమంత్రి యూప్ డెన్ ఊయిల్ ఇంటికి పోయి పాటలు పాడి, పిల్లలకు భద్రమైన వీధులు కావలెనని యడిగిరి. కోపము వారికి లేకపోలేదు. ఆ కోపమును ప్రభుత్వము వినదగిన కోరికగా మార్చుటయే వారి నేర్పు. పిమ్మట ఆ ప్రభుత్వమే ఉద్యమమునకు ధనసహాయము చేసినది.

కాలము కూడ కలిసివచ్చినది. 1973లో అరబ్బు దేశములు చమురు సరఫరా ఆపుటచే, ఆ సంవత్సరము నవంబరు 4వ తేదీ మొదలుకొని 1974 జనవరి వరకు హాలెండులో ఆదివారములందు కార్లు నడుపుట నిషేధించిరి. ఖాళీ రహదారులపై కుటుంబములు సైకిళ్లతో విహరించినవి. 1975లో సైకిలువారు తమకొరకే ఒక నూతన సంఘమును స్థాపించుకొనిరి. అదియే నేటి 'ఫీట్సర్స్‌బాండ్'. ఊరూర శాఖలు పెట్టి, ఏ కూడలి ప్రమాదకరమైనదో, ఏ రోడ్డు అంచు విరిగినదో సభ్యులు తాము స్వయముగా తొక్కి కనిపెట్టి, పటములపై గుర్తించి, పురపాలకులకు అందజేసిరి. మనవి పత్రమునకంటె ఆ పటములకు బలమెక్కువ. అధికారి కాదనలేని వాస్తవములు అందులో నుండెను.

తరువాత జరిగిన పరీక్షలును బోధకరములే. హేగ్, టిల్‌బర్గ్ పట్టణములలో ఒక్కొక్క మంచి సైకిలు బాటను మాదిరిగా నిర్మించి చూచిరి. హేగ్ వర్తకులు తమ వ్యాపారము చెడునని గోల పెట్టిరి. ఆ బాటలపై సైకిళ్లు పెరిగినవి గాని, ఊరంతటిలో సైకిలు ప్రయాణములు పెద్దగా పెరుగలేదు. ఒక్క దారపుపోగు వస్త్రము కానట్లే, ఒక్క బాట ఊరికి చాలదని తేలినది. డెల్ఫ్ట్ పట్టణమున బాటలను వలవలె ఒకదానితో నొకటి కలిపినపుడు ఫలితము కానవచ్చినది. వేగము గల పెద్ద రోడ్ల వెంట వేరు బాట. ఇండ్ల మధ్యనున్న వీధులలో వాహనముల వేగమునే తగ్గించి అందరకు ఒకే దారి. వేరు బాటయా, రహదారి హక్కా యను పాత ప్రశ్నకు హాలెండు చెప్పిన సమాధానమిది. వాహనముల వేగమునుబట్టి దారిని విభజింపవలెను. వేగము రెట్టింపైనచో తాకిడి శక్తి నాలుగింతలగునని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. నిదానపు వీధిలో ఒక తప్పిదము గాయముతో పోవును. వేగపు రోడ్డుపై అదే తప్పిదము ప్రాణము తీయును. 1971లో 3,300కు చేరిన మరణములు ఈ శతాబ్దమున ఏడువందలకు అటునిటుగా దిగినవి. వాహనములు ఎన్నియో రెట్లు పెరిగియు మరణములు తగ్గినవనుట మరువరాదు.

కలిసి తొక్కుటలోని మహిమ సంపన్న దేశములకే పరిమితము కాదు. దక్షిణ అమెరికాలోని కొలంబియా రాజధానియగు బొగొటాలో 1974 డిసెంబరు 15న కొన్నివేలమంది పౌరులు ప్రధాన వీధులను కొన్ని గంటలపాటు కార్లకు మూసి సైకిళ్లపై తిరిగిరి. 1976లో నగరపాలకులు దానికి అధికారిక రూపమిచ్చిరి. ఇప్పుడు ప్రతి ఆదివారమును, సెలవు దినమును అక్కడ సుమారు 120 కిలోమీటర్ల వీధులు ఉదయమునుండి మధ్యాహ్నము వరకు సైకిళ్లకును పాదచారులకును విడువబడుచున్నవి. ఆ ఒరవడి మన దేశమునకును చేరినది. 2013 నవంబరులో ఢిల్లీ ప్రక్కనున్న గుర్‌గాఁవ్‌లో 'రాహ్‌గిరి' అను పేరుతో ఆదివారపు వీధులు తెరువబడినవి.

ఇక మన దేశపు సంగతి. స్వాతంత్ర్యము వచ్చిన కొలది సంవత్సరములలో మన సైకిలు పరిశ్రమ త్వరగా వృద్ధిచెందినది. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో కర్మాగారములు వెలసినవి. ఆ దశకమున ఢిల్లీ నగరమున సైకిలు రాజ్యమేలినది. 1957లో ఆ నగర ప్రయాణములలో నూటికి 36 సైకిలుపైననే జరిగెడివి. లోధీ కాలనీ, సరోజినీ నగర్ వంటి ఉద్యోగుల కాలనీలనుండి సచివాలయము వైపునకు ఉదయమున సాగు సైకిళ్ల ప్రవాహమును ఆనాటి ఉద్యోగులు ఎరుగుదురు. 1981 నాటికి నూటికి 36 కాస్త 17 అయినది. 1994 నాటికి 7 అయినది. ఈ పతనము సాగిన కాలముననే నగరము విశాలమైనది, 1982 ఏషియా క్రీడల సందర్భమున ఫ్లైఓవర్లు లేచినవి, రోడ్లపై వేగము హెచ్చినది. ఇండ్లు ఆఫీసులకు దూరమైనవి. స్కూటరు, ఆపైన కారు మధ్యతరగతి ఇంటికి వచ్చినవి.

హాలెండులో పతనమును ఆపినట్లు ఢిల్లీలో ఏల ఆపలేకపోయితిమి? నాటి ఢిల్లీలో సైకిలువారికి సంఖ్యాబలము కొరవడలేదు. చదువు, అర్జీ వ్రాయు నేర్పు, సంఘములు పెట్టు అలవాటు ఉద్యోగులలో పుష్కలముగా నుండెను. కరువు భత్యమునకు, ఇంటి క్వార్టరుకు సంఘములు పోరాడినవి. కాని సైకిలు ప్రతివానికిని ఒక తాత్కాలిక దశగనే తోచినది. 'ఇంక్రిమెంటు రాగానే స్కూటరు కొందును' అని తలచువాడు సైకిలు బాటకై అర్జీ వ్రాయడు. దానిని హక్కుగా తలచినవారు తక్కువ. పేదరికపు గుర్తుగా తలచినవారు ఎక్కువ. మనము స్కూటరెక్కి ముందునకు పోతిమి. కాని ఆ స్థానమును ఖాళీగా విడువలేదు. మన యింటికి పాలు తెచ్చువాడు, కాపలాదారు, కూలి, బడిపిల్ల ఆ సైకిలునే తొక్కుచుండిరి. మనకున్న చదువును నోరును వారికి ఎరువివ్వక వెడలితిమి.

ఆ కొరత తరువాతి వృత్తాంతములలో కనబడుచునే యున్నది. 2006 నాటి జాతీయ నగర రవాణా విధానము రోడ్డు స్థలమును వాహనములకుగాక మనుష్యులకు న్యాయముగా పంచవలెనని చెప్పినది. 2008లో ఢిల్లీలో అంబేద్కర్ నగర్‌నుండి మూల్‌చంద్ వరకు సుమారు ఆరు కిలోమీటర్ల మేర బస్సులకు వేరు దారితోపాటు సైకిలు బాటను గూడ నిర్మించిరి. కార్లవారికి కోపము వచ్చినది. వివాదము ఉన్నత న్యాయస్థానమునకు పోయినది. 2012లో న్యాయస్థానము ఆ దారిని తీసివేయుటకు సమ్మతింపలేదు. అయినను 2016లో దానిని తొలగించుట మొదలైనది. కలకత్తాలో 2008లో కొన్ని వీధులలోను, 2013 నాటికి 174 వీధులలోను సైకిళ్లను నిషేధించిరి. అక్కడ మాత్రము పౌరులు ఊరకుండలేదు. పాలవారు, పేపరువారు, విద్యార్థులు, సైకిలు అభిమానులు కలిసి ఊరేగింపులు జరిపిన పిమ్మట ఆ జాబితా తగ్గినది.

మన దక్షిణాదిని ఒక వెలుగు కలదు. 1991లో తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో 'అరివొళి ఇయక్కం' అను అక్షరాస్యతా ఉద్యమము స్త్రీలకు ఓనమాలతోపాటు సైకిలు తొక్కుటను గూడ నేర్పినది. జిల్లా కలెక్టరు షీలారాణి చుంకత్ అందుకు పూనుకొనిరి. లక్షకు పైబడిన గ్రామీణ స్త్రీలు సైకిలును చేపట్టిరని, ప్రఖ్యాత పత్రికారచయిత పి. సాయినాథ్ వ్రాసియున్నారు. సాయినాథ్ మన పూర్వ రాష్ట్రపతి వి. వి. గిరిగారి మనుమడు, మన తెలుగు కుటుంబమునకు చెందినవారు. ఆడవారి సైకిళ్లు చాలకపోగా పలువురు మగవారి సైకిళ్లనే కొనిరి. ముందున్న కడ్డీపై బిడ్డను కూర్చుండబెట్టుకొనవచ్చునని కొందరు వానినే కోరుకొనిరి. ఒంటరిగా సైకిలెక్కిన స్త్రీని వెక్కిరించు ఊరు, వందలుగా తొక్కు స్త్రీలను చూచి నోరు మూసుకొన్నది. రోడ్డుపై ధైర్యము గూడ సామూహికమైన సంపదయేనని పుదుక్కోట ఋజువు చేసినది.

దీనికి శాస్త్రీయమైన ఆధారమును కలదు. 2003లో జేకబ్సన్ అను అమెరికా పరిశోధకుడు పెక్కు పట్టణముల లెక్కలను పోల్చి, సైకిలువారు, పాదచారులు ఎక్కువగా నున్నచోట ఒక్కొక్కరికి కలుగు అపాయము తక్కువగా నుండునని చూపెను. వాహనము నడుపువాడు తరచుగా చూచుచున్నదానికొరకు కన్ను సిద్ధముగా నుంచుకొనును, అరుదైనదానిని గమనింపడు. నూరు సైకిళ్లు పోవు దారిలో నూటయొకటవది భద్రము. అయితే ఈ మాటను సాకుగా చేసికొని దారిని బాగుచేయుట మానరాదు. జనము పెరిగిన చోట దారియు బాగుపడుట, దారి బాగుపడిన చోట జనము పెరుగుట పరస్పరాశ్రయములు.

నేడు మన దేశపు స్థితి యేమి? 2022లో మన రహదారులపై 1,68,491 మంది మరణించిరి. సైకిలువారే నాలుగువేలకు పైబడిరి. 2011 జనాభా లెక్కల ప్రకారము మన కుటుంబములలో నూటికి 44.8 సైకిలు కలవి. అనగా సైకిలు మన ఇండ్లనుండి పోలేదు. మన చర్చలనుండి మాత్రమే పోయినది. 2018లో ఐక్యరాజ్య సమితి జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిలు దినముగా ప్రకటించినది. 2020లో అదే దినమున అట్లాస్ కంపెనీ తన సాహిబాబాద్ కర్మాగారములో పని ఆపివేసినది. 2023 అక్టోబరు 1న హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు వెంట సౌరఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమైనది. అది సంతోషింపదగిన విషయము. వ్యాయామమునకు చక్కని చోటు. కాని పాతబస్తీనుండి, సనత్‌నగర్‌నుండి పనికి పోవు సైకిలువానికి ఆ బాట దూరము. డెల్ఫ్ట్ నేర్పిన పాఠము ఇక్కడికిని వర్తించును: ఊరి వీధులతో కలిసినప్పుడే బాట ఊరిదగును.

మనవంటి సంఘములు ఈ విషయమున చేయగలిగినది కొంత కలదు. పండుగలకు, నాటకములకు, పిల్లల పోటీలకు కలిసికొను కుటుంబములు నెలకొక ఆదివారము ఉదయమున సైకిళ్లపైగూడ కలిసికొనవచ్చును. పెద్దలు ముందు వెనుకల నుండి, పిల్లలను నడుమ నుంచి, కాలనీనుండి బడివరకు, బడినుండి మార్కెట్టువరకు మెల్లగా పోవలెను. పోయి వచ్చినవారు ఏ కూడలిలో భయము వేసినదో, ఎక్కడ దీపములు లేవో, ఏ గొయ్యి పూడ్చలేదో ఒక కాగితముపై వ్రాసికొని, పటము గీచి, పురపాలక శాఖకును ట్రాఫిక్ పోలీసులకును పంపవలెను. ఫైళ్లతో బ్రతుకు వెళ్లబుచ్చు మనకు అర్జీని వెంబడించుట తెలియని విద్య కాదు.

పిల్లలకు చెప్పవలసిన మాటలు కొన్ని గలవు. చీకటి పడగానే ముందు తెల్లని దీపము, వెనుక ఎర్రని దీపము ఉండవలెను. బ్రేకులను వారమునకొకసారి పరీక్షింపవలెను. నిలిచియున్న లారీ లేక బస్సునకు ఎడమప్రక్క సందులో సైకిలు దూర్చరాదు. అది ఎడమకు తిరిగినపుడు డ్రైవరునకు ఆ సందు కనబడదు, వెనుకచక్రములు మూలను కోసికొని లోపలికి వచ్చును. ఇవి తప్పక పాటింపవలసిన జాగ్రత్తలు. కాని బిడ్డకు జాగ్రత్త నేర్పి, దారిని అట్లే విడిచిపెట్టుట సగము పని మాత్రమే. ఆరేండ్ల పిల్ల ఎంత జాగ్రత్తగా తొక్కినను, వేగముగా వచ్చు వాహనమును ఆపజాలదు. ఆపవలసినది పెద్దలు, వీధిని అందుకు తగినట్లు దిద్దించవలసినదియు పెద్దలే.

1878లో హారొగేట్ యాత్రికులకు, 1972లో హాలెండు తల్లిదండ్రులకు, 1991లో పుదుక్కోట స్త్రీలకు ధనము లేదు, అధికారము లేదు. వారివద్ద సైకిళ్లుండెను, పొరుగువారుండిరి, అడుగుటకు నోరుండెను. ఆ మూడును మన కాలనీలలోను కలవు. మన తరువాతి సంచిక వెలువడులోపల ఒక్క బడి ముందరి వీధియైనను పిల్లల సైకిళ్లకు నిర్భయముగా నుండునట్లు చేయగలిగినచో, ఈ సంఘము చేసిన సాంస్కృతిక కార్యములలో అదియు ఒకటిగా లెక్కింపదగును.